అమెరికాలో కుర్ర మగజింకలను వేటాడకుండా వదిలేస్తే ట్రోఫీ కొమ్ములు (వేటగాళ్లు గొప్పగా చూపించుకునే పెద్ద కొమ్ములు) త్వరగా వస్తాయా?

త్వరగా రావు. అక్కడి వైట్‌టెయిల్ (తెల్లతోక) జింక కొమ్ములు పూర్తి పరిమాణానికి చేరేది సుమారు 5 నుంచి 7 ఏళ్ల వయసులో. కొమ్ములు ఏటా రాలిపోయి కొత్తవి మొలుస్తాయి. కుర్ర జింక తిన్నది ముందు ఒళ్లు పెరగడానికే పోతుంది, మిగిలిందే కొమ్ములకు. మేత సరిగా లేకపోతే వయసొచ్చినా లాభం లేదు.

పెన్సిల్వేనియా రాష్ట్రం 2002లో, చాలా ప్రాంతాల్లో ఒక కొమ్ముకు కనీసం 3 కొనలున్న జింకనే కాల్చాలని నిబంధన పెట్టింది. దాంతో ఏడాదిన్నర వయసువి ఎక్కువగా బతికి, రెండున్నరేళ్లు, ఆపైబడినవి పెరిగాయి. అంతవరకే. పెద్ద కొమ్ములను కొలిచి నమోదు చేసే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ఆల్-టైమ్ రికార్డు పుస్తకంలో టిపికల్ (మామూలు ఆకారపు కొమ్ముల) విభాగానికి కావాల్సిన 170 స్కోరు (కొమ్ముల కొలతలను బట్టి ఇచ్చేది) ఇప్పటికీ అరుదే.

కొనలు లెక్కపెడితే వయసు తెలుస్తుందనుకోవడం పొరపాటు. బాగా మేసిన ఏడాదిన్నర జింకకే 8 కొనలు రావచ్చు. వేటాడాక దవడ పళ్లు చూసి అంచనా వేస్తారు, అదీ ఉజ్జాయింపుగానే.