శ్రుతి ఎందుకు దిగిపోతోంది?

ప్రశ్న: మా చర్చి క్వయర్‌లో పదహారో శతాబ్దపు ఇటలీ స్వరకర్త పాలెస్ట్రీనా మోటెట్ (పలు గొంతులు కలిసి పాడే లాటిన్ భక్తిగీతం) ‘సీకుత్ చెర్వుస్’ నేర్చుకుంటున్నాం. చివరికొచ్చేసరికి శ్రుతి అర స్వరం దిగిపోతోంది. ఏం చేయాలండీ?

జవాబు: వాద్యం తోడు లేని పాట కదా, ఎక్కేటప్పుడు స్వరం చాలకపోయినా, ఊపిరి సడలినా శ్రుతి జారుతుంది. మాటలు పక్కనపెట్టి వారం పాటు ‘నూ’ అంటూ పాడండి. ప్రతి చరణం చివర కీబోర్డుతో సరిచూసుకోండి. ఒకే గొంతు వరుస పాడేవారంతా ఒకేసారి ఊపిరి తీయకూడదు, వంతులు వేసుకోండి.

మొదట టెనర్ (మగవారి పై గొంతు), తర్వాత ఆల్టో (ఆడవారి కింది గొంతు), సొప్రానో (ఆడవారి పై గొంతు), చివర బాస్ (మగవారి కింది గొంతు) అందుకుంటాయి. కొత్త గొంతు ‘సీకుత్’ అనగానే మిగతావాళ్లు తగ్గాలి. ఇదే దీని ప్రాణం! దప్పిగొన్న దుప్పి నీటివాగులకై తపించినట్లు అనే కీర్తన మాట అప్పుడే నాలుగుసార్లూ వినబడుతుంది. పాలెస్ట్రీనా రాసిన కాలంలో ఒక్కో గొంతుకు విడిగా రాసిన ప్రతుల్లో బార్ గీతలు (తాళం లెక్కను విడదీసే నిలువు గీతలు) ఉండేవి కావు. అందుకే గీత దగ్గర కాదు, ‘చెర్వుస్’లోని ‘చెర్’ మీద ఊనండి.