నన్నడిగితే 1952: మన రేడియో చరిత్రలో ముఖ్యమైన సంవత్సరం ఏది?

మన దేశంలో రేడియోని మలుపు తిప్పిన సంవత్సరం ఏదని అడిగారు. చాలామంది బొంబాయి స్టేషన్ మొదలైన 1927 అంటారు, పాటల పిచ్చి ఉన్నవాళ్లు ప్రభుత్వ రేడియోలో పాటల సర్వీసు వివిధ భారతి వచ్చిన 1957 అంటారు. నేనైతే 1952 అంటాను, ఎందుకంటే అది లేకపోతే 1957 కూడా లేదు.

ఆ ఏడాది బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. ఆయనకి శాస్త్రీయ సంగీతం అంటే ప్రాణం, సినిమా పాట అంటే అస్సలు గిట్టదు. ఆలిండియా రేడియోలో సినిమా పాటలు బాగా తగ్గించారు, సినిమా పేరు చెబితే అది ప్రకటన అయిపోతుందని పేరు కూడా చెప్పనివ్వలేదు, దాంతో నిర్మాతలకి ఒళ్లు మండి ప్రసార హక్కులే వెనక్కి తీసుకున్నారు. ఇంకేముంది, పాట మాయం.

ఆ ఖాళీలోకి రేడియో సిలోన్ (ఇప్పటి శ్రీలంక రేడియో) దూరింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం కోసం పెట్టిన పెద్ద షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ వాళ్ల చేతికి వచ్చింది కాబట్టి కొలంబో నుంచి ఉత్తరాది దాకా వినిపించేది. 1952 చివర్లో అమీన్ సయానీ అందులో 'బినాకా గీత్‌మాలా' అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం మొదలుపెట్టారు. తమాషా ఏమిటంటే, బొంబాయిలోనే రికార్డు చేసి, టేపులు విమానంలో కొలంబో పంపితే, అక్కడి నుంచి అవి మళ్లీ మన ఇళ్లకే వచ్చేవి!

మా ఇంటికి రేడియో వచ్చేసరికి ఈ గొడవ ఎప్పుడో సద్దుమణిగింది, సిలోన్ అలవాటు మాత్రం పోలేదు. వాల్వుల రేడియో, వేడెక్కి గొంతు విప్పడానికి కాసేపు పట్టేది, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి రాగి జాలీ ఏరియల్, పైగా పోస్టాఫీసులో ఏటా లైసెన్సు ఫీజు (ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు). సిలోన్ తెలుగు కార్యక్రమంలో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినిపిస్తే అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేది. మంచి చరణం వస్తుండగా పాట ఎక్కడికో వెళ్లిపోయి గరగర మిగిలేది, నాన్న ముల్లు కదపబోతే అందరం ఒకేసారి "ముట్టుకోకండి, అదే వస్తుంది" అని అరిచేవాళ్లం. నిజంగానే వచ్చేది.

చివరికి శ్రోతలు చేజారిపోతుంటే ప్రభుత్వమే దిగొచ్చి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి పెట్టింది. అయితే కేస్కర్‌ని ఉత్త విలన్‌గా చూడటం నాకు ఇష్టం లేదు. సినిమా పాటకి బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి కదా, అందుకే ఆలిండియా రేడియో స్టేషన్లలో లలిత సంగీతానికి (గేయాలకి తేలికైన బాణీలు కట్టిన పాటలకి) ఊపు వచ్చింది. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం గార్ల లాంటి స్వరకర్తల పాటలు మనకి మిగిలాయంటే అందులో ఆ మొండితనానికీ కొంచెం వాటా ఉంది.

ఇదంతా పోటీ పరీక్ష కోసం అడిగి ఉంటే మాత్రం 1927, ఆలిండియా రేడియో అని పేరు పెట్టిన 1936 రాసేయండి, 1952కి మార్కులు వెయ్యరు.