బుల్లెట్ చప్పుడు మీద హక్కు అడిగిన మా తమ్ముడి కొడుక్కి

ఒంగోలు నుంచి

నాయనా, ఆశీస్సులు. మేమిక్కడ క్షేమం. మీ అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయని విని సంతోషించాం.

నువ్వు పంపిన ఆడియో ఆదివారం పొద్దున విన్నాను. స్పీకర్ ఆన్ చేసేసరికి వంటింట్లోంచి మీ పెద్దమ్మ గరిటె చేత్తో పట్టుకునే వచ్చింది. "మరిది బండి కదూ?" అంది. నేనింకా నీ పేరు కూడా ఎత్తలేదు. మీ నాయన పోయి ఆరేళ్లయినా ఆ చప్పుడు ఆమె చెవిలో అట్లాగే ఉంది. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మీరున్న రోజుల్లో ఆ బండి సందు మలుపు తిరిగిందంటే మీ అమ్మ చారు పొయ్యి మీద పెట్టేది. వాడు స్టాండు వేసి, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేసరికి చారు పొంగు వచ్చి ఉండేది. మూలన పడిన ఆ బండిని నువ్వు మళ్లీ పలికించావు. నాకు చాలా సంతోషంగా ఉంది.

అందుకే "ఈ సౌండు నా పేరు మీద రిజిస్టరు చేయించుకోవచ్చా పెదనాయనా" అని నువ్వు అడగడం నాకు వింతగా అనిపించలేదు. అవతలి రిపేరు షెడ్డు కుర్రాడు నీ వీడియోలోంచి ఆ చప్పుడు ఎత్తుకెళ్లి తన ప్రచారానికి పెట్టుకున్నాడని నీకు కడుపు మండడంలోనూ న్యాయం ఉంది. అయితే అన్నిటికంటే ముందు ఒకటి చెప్పాలి. అరవై వేలిస్తే సౌండ్ ట్రేడ్‌మార్కు, అంటే ఆ చప్పుడు నీ షెడ్డుకే గుర్తు అనే రిజిస్ట్రేషను, తెప్పిస్తానన్న మనిషికి పైసా కట్టొద్దు. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదువు.

36 ఏళ్లు ఇక్కడి కోర్టుల్లో ప్లీడరీ చేశాను. ఎక్కువ భూమి తగాదాలే. అయినా గ్రానైటు వాళ్లకీ, పచ్చళ్ల వాళ్లకీ, దాణా మిల్లుల వాళ్లకీ ట్రేడ్‌మార్కు దరఖాస్తులు వేయించి, పినాకిని రైలెక్కి మద్రాసు గిండీలోని ట్రేడ్‌మార్కు ఆఫీసు చుట్టూ తిరిగినవాణ్ని. ఆ అనుభవంతో చెబుతున్నాను. ఇంజిన్ చప్పుడు నీ సొంతం కాదు. దాన్ని నువ్వు పట్టిన రికార్డింగు మాత్రం ఇప్పటికే నీ సొంతం. ఇక నీ షెడ్డు పేరు, అది నీ సొంతం కావాల్సింది, ఇంకా కాలేదు. నా దిగులంతా దాని గురించే.

అమెరికాలో హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ ఈ పనే తలపెట్టింది. తమ బండి ఎగ్జాస్ట్ చప్పుడును ట్రేడ్‌మార్కుగా ఇమ్మని 1994లో దరఖాస్తు పెట్టింది. వాళ్ల ఇంజిన్లో రెండు సిలిండర్లు 45 డిగ్రీల కోణంలో ఉంటాయి. పిస్టన్ల నుంచి వచ్చే రెండు కనెక్టింగ్ రాడ్లూ, అవి తిప్పే క్రాంకు ఇరుసు మీద ఒకే పిన్నుకు తగిలి ఉంటాయి. అందువల్ల పేలుళ్ల మధ్య ఎడం సమానంగా ఉండదు. ఒకటి పేలాక క్రాంకు 315 డిగ్రీలు తిరిగితే రెండోది, ఆ తర్వాత 405 డిగ్రీలు తిరిగితే గాని మళ్లీ మొదటిది పేలదు. ఆ ఆగి ఆగి కొట్టే చప్పుడును అక్కడివాళ్లు 'పొటేటో పొటేటో' అని నోటితో పలికి చూపిస్తారు. కళ్లు మూసుకుని గుర్తుపట్టే అభిమానులు దానికున్నారు. అయినా తొమ్మిది పోటీ కంపెనీలు అభ్యంతరం పెట్టాయి. ఒకే పిన్నుతో వి ఆకారం ఇంజిన్ ఎవరు చేసినా ఇంచుమించు ఆ చప్పుడే వస్తుందని వాదించాయి. వ్యవహారం ఆరేళ్లు నలిగింది. చివరికి 2000లో హార్లీ వాళ్లే దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. గెలిచిందీ లేదు, ఓడిందీ లేదు, తేలకుండానే ముగిసిపోయింది. అంత డబ్బూ అంతమంది లాయర్లూ ఉన్నవాళ్లకే దక్కనిదాన్ని నీకు అరవై వేలకు తెచ్చిస్తాననడం ఎట్లా నమ్మేది?

మన బుల్లెట్టుకు వద్దాం. మీ నాయన బండి 1984 మోడల్, పోత ఇనుము ఇంజిన్. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 70 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ నడిచే దూరం, 90. పిస్టన్ ఎక్కువ దూరం నడుస్తుంది, లోపలి ఫ్లైవీలు బరువు. అందుకే ఐడిల్, అంటే బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, బాగా తగ్గించినా ఆగిపోదు, ఒక్కో పేలుడూ విడివిడిగా వినబడుతుంది. సింగిల్ సిలిండరు, ఫోర్ స్ట్రోక్ కాబట్టి క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక పేలుడు. నిమిషానికి 800 చుట్లనుకుంటే 400 పేలుళ్లు, అంటే సెకనుకు ఆరో ఏడో. ఇదంతా నీకు నాకంటే బాగా తెలుసు. టాపెట్లు సెట్ చేసేటప్పుడు పుష్‌రాడ్‌ను రెండు వేళ్లతో తిప్పి చూసి, సరిపోయిందనుకుంటే నీలో నువ్వే తలూపుతావు. స్టార్ట్ చేసేటప్పుడు అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్ మెల్లగా నొక్కి, డీకంప్రెషన్ లివరు పట్టి ఇంకాస్త దించి, లివరు వదిలి, అప్పుడు ఒక్క తన్ను. అచ్చం మీ నాయనే. ఆ చప్పుడు అంత శుభ్రంగా రావడంలో నీ పనితనం ఉంది, కాదనను. కానీ దాని పుట్టుక మద్రాసు తిరువొత్తియూరులోని ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ కొలతల్లో ఉంది. ఆ కొలతలతో వేలకు వేల బండ్లు రోడ్డెక్కాయి. హక్కంటూ ఉంటే ముందు ఆ కంపెనీవాళ్లు అడగాలి.

నీకు దగ్గరి సంగతి చెబుతాను. వెంకటగిరిలో నేతవాళ్ల వీధిలో అడుగుపెడితే ముందు మగ్గం చప్పుడు పలకరిస్తుంది, తర్వాతే చీర కనబడుతుంది. వెంకటగిరి చీర పేరుకు జీఐ రక్షణ ఉంది, అంటే ఆ ఊరి సరుకుకే ఆ పేరు చెల్లుతుంది. ఇంకెక్కడో నేయించి ఆ పేరుతో అమ్మితే తప్పు. మగ్గం చప్పుడుకు రక్షణ కావాలని మాత్రం ఎవరూ అడగలేదు. ఇచ్చేస్తే నేత పనే ఒకరికి రాసిచ్చినట్టవుతుంది. పని జరుగుతుంటే దానంతట అదే పుట్టే చప్పుడు వేరు, 'ఇది మాది' అని చెప్పడానికి కావాలని చేసే చప్పుడు వేరు. ట్రేడ్‌మార్కు రెండో రకానికి. పీచుమిఠాయి అమ్మే అతను కొట్టే గంట అలాంటిదే, కావాలని కొట్టేది. అయినా అదీ ఒక్కడికి దక్కదు, ఎందుకంటే పీచుమిఠాయి అమ్మే ప్రతివాడూ గంటే కొడతాడు. వినగానే నువ్వొక్కడివే గుర్తుకు రావాలి, అదీ షరతు.

అలా గుర్తుకొచ్చే శబ్దాలకు మన దేశంలోనూ ఇస్తున్నారు. 2008లో యాహూ ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల యోడల్ కూతకు, గొంతు హెచ్చుతగ్గులు చేస్తూ 'యాహూ' అని పాడేదానికి, మొదట ఇచ్చారు. 2011లో ఐసీఐసీఐ బ్యాంకు ట్యూనుకు ఇచ్చారు, మన దేశపు కంపెనీల్లో అది మొదటిది. 2017 ట్రేడ్‌మార్కు నిబంధనల్లో పద్ధతి కూడా రాసి ఉంది. 30 సెకన్లు దాటని ఎంపీ3 ఇవ్వాలి, దానితోపాటు స్వరాలను కాగితం మీద రాసి ఇవ్వాలి. బుల్లెట్ ఐడిల్‌కు స్వరాలు ఎవరు రాస్తారో ఆ అరవై వేల మనిషిని అడుగు.

నీకు తప్పకుండా ఒక శబ్దం కావాలంటే, వీడియోల మొదట్లో వచ్చేట్టు నాలుగైదు సెకన్ల ట్యూను ఒకటి కొత్తగా కట్టించుకో. నెల్లూరులో నాదస్వరం వాయించేవాళ్లకీ, కీబోర్డు వాళ్లకీ కొదవ లేదు. సినిమా పాట ముక్క మాత్రం వద్దు. కట్టినతనికి డబ్బిచ్చి, హక్కులు నీకు రాసిస్తున్నట్టు సంతకం తీసుకో. ఆ ట్యూను మార్చకుండా ఏళ్ల తరబడి వాడు. జనం విని 'ఫలానా షెడ్డు' అనుకునే రోజు వచ్చాక దరఖాస్తు సంగతి చూద్దాం. దీనికి తొందర లేదు.

ఆ కుర్రాడి విషయంలో తొందర ఉంది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం సౌండు రికార్డింగు మీద హక్కు దాన్ని పూనుకుని తీయించిన నిర్మాతది. రిజిస్టరు చేయకపోయినా హక్కు ఉంటుంది, విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు నిలుస్తుంది. అతను తన బుల్లెట్ తానే రికార్డు చేసుకుని పెట్టుకుంటే, అది అచ్చం మీ నాయన బండిలాగే వినిపించినా నువ్వేమీ అనలేవు. నీ రికార్డింగే కోసి పెట్టుకున్నాడు కాబట్టి తప్పు అతనిది. ముందు అతని వీడియో దించి, లింకూ తేదీ కనబడేట్టు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో. గొడవైతే అతను చెరిపేస్తాడు. తర్వాత నేరుగా వెళ్లి మాట్లాడు, మెకానిక్కులు రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సినవాళ్లు. వినకపోతే అప్పుడు కాపీరైటు ఫిర్యాదు పెట్టు. మైకు పట్టుకున్నది నీ స్నేహితుడన్నావు కదా, నీ తరఫున తీశానని అతనితో వాట్సాప్‌లో ఒక్క ముక్క రాయించుకో. ఇకనుంచి ఏది రికార్డు చేసినా మొదట నీ గొంతుతో తేదీ, బండి నంబరు చెప్పి అప్పుడు కిక్ కొట్టు. ఆ అసలు ఫైలు కోయకుండా దాచు.

ఈ కాగితాల పట్టింపు నాకు ఊరికే రాలేదు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో కందుకూరు వైపు దాణా వ్యాపారి ఒకాయన వచ్చాడు. ఊరూరా ఆటోకు మైకు కట్టి, రెండు లైన్ల పాట వేయించి దాణా అమ్మేవాడు. గేదెలున్న ఇంట్లో పిల్లలకు కూడా ఆ పాట నోటికి వచ్చు. ఇంకొకడు అదే వరసలో తన దాణా పేరు పెట్టి పాడించాడు. నేను ఆవేశంగా నోటీసు పంపాను. అవతలివాళ్లు స్టూడియో బిల్లు తెచ్చి, వాళ్లదే ముందు అన్నట్టు తేదీ చూపించారు. మావాడి దగ్గర క్యాసెట్టు తప్ప ఏమీ లేదు. బిల్లు లేదు, తేదీ లేదు, పాడినావిడ ఎక్కడుందో తెలియదు. ఆ పాట మావాడిదేనని నాకు ఈ రోజుకీ నమ్మకం. అయినా రాజీపడి ఆ పాట వదులుకున్నాడు. నోటీసు పంపేముందు కాగితాలు అడగకపోవడం నా తప్పే. ఆయన నా టేబుల్ మీద ఆ క్యాసెట్టు వదిలేసి వెళ్లిపోయాడు. ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఇప్పుడు నీ షెడ్డు పేరు. బోర్డు మీద 'బుల్లెట్' అన్న మాటను పేరులో కలిపేశావు. అది ఆ బండి కంపెనీ మార్కు, దానితో కూడిన పేరు నీకు రిజిస్టరు కావడం కష్టం. 'ఇక్కడ బుల్లెట్లు రిపేరు చేయబడును' అని కింద రాసుకోవచ్చు, చేసే పని ఏ బండికో నిజాయితీగా చెప్పడాన్ని చట్టం తప్పు పట్టదు. పై పేరు మాత్రం మార్చు. మీ నాయనను బజారంతా ఏ పేరుతో పిలిచేదో ఆ పేరే ఒక ప్రత్యేకమైన అక్షరాల తీరులో రాయించి పెట్టు. అలాంటిది ఇంకెవరికైనా ఉందేమో ట్రేడ్‌మార్కు వెబ్‌సైటులో ఉచితంగానే వెతకొచ్చు. ట్రేడ్‌మార్కులకు సరుకులనూ పనులనూ తరగతులుగా విడదీస్తారు, రిపేరు పనులు 37వ తరగతి కిందికి వస్తాయి. వ్యక్తిగా నువ్వే ఆన్‌లైన్లో వేస్తే ఒక తరగతికి ఫీజు 4,500. పరిశీలనలో నెగ్గితే ట్రేడ్‌మార్కు ఆఫీసు జర్నల్‌లో వేస్తారు, నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. ఇస్తే పదేళ్లకు, ఆ తర్వాత రెన్యువల్. పేరు మార్చిన రోజు బోర్డు రాసినతని బిల్లు దగ్గర్నుంచి ప్రతి కాగితం ఫైలులో పెట్టు. రిజిస్ట్రేషన్ చేతికి రాకముందు ఎవడైనా ఆ పేరు కాజేస్తే ముందునుంచి వాడుతున్నది నువ్వేనని చూపించేది ఆ బిల్లులే.

సైలెన్సర్ల మాట కూడా చెప్పి తీరాలి. చప్పుడు తగ్గించే లోపలి బ్యాఫిల్ తీసేసి, పెద్ద మోత వచ్చే పంజాబు సైలెన్సర్ బిగించిన బండి వీడియో ఒకటి నీ దాంట్లో చూశాను. 175 సీసీ దాటిన మోటారు సైకిళ్లకు తయారీ దశలోనే 80 డెసిబెళ్ల హద్దు ఉంది. శబ్ద ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. రాత్రి పదింటికి ఆసుపత్రుల వీధిలో ఆ మోత విన్న రోగి ఎలా ఉలిక్కిపడతాడో ఆలోచించు. ఆ వీడియో తీసెయ్. మీ నాయన బండి కంపెనీ సైలెన్సర్‌తోనే అంత అందంగా పలికింది కదా.

చివరికి అసలు సంగతి. ఆ బండి ఆర్సీ ఇంకా మీ నాయన పేరు మీదే ఉందని మీ అమ్మ చెప్పింది. యజమాని పోయాక మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పించుకోవాలి, మనం ఆరేళ్లు ఊరుకున్నాం. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా ఉంటుంది, ఆ గడువు ఎప్పటిదో చూడు. ఆర్సీ, ఇన్సూరెన్సు, మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మీ అమ్మా చెల్లెలూ అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం, ఇవన్నీ ఒక కవర్లో పెట్టుకుని శనివారం సాయంత్రం పినాకినికి రా. మీ అమ్మను కూడా వెంటబెట్టుకురా. ఆదివారం కూర్చుని ఫారాలు నింపుదాం. బండి మాత్రం పేరు మారేదాకా షెడ్డులోనే ఉంచు, రోడ్డెక్కించొద్దు.

మీ పెదనాయన