మోటార్లు తిరగ్గానే రోబో ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: గీత వెంట నడిచే రోబో చేశాను. బాడీ అట్టముక్కే. 9 వోల్టుల బ్యాటరీ పెట్టాను. మోటార్లు తిరగ్గానే రోబోను నడిపించే ఆర్డుయినో బోర్డు రీసెట్ అవుతోంది. బోర్డు మార్చాలా సార్?
– ఇంజినీరింగ్ విద్యార్థి, ఉప్పల్

జవాబు: వద్దు బాబూ, డబ్బు దండగ. తప్పంతా ఆ బ్యాటరీదే. మోటారు కదిలే క్షణంలో లాగే కరెంటును ఆ చిన్న బ్యాటరీ ఇవ్వలేదు. వోల్టేజీ పడిపోయి ఆర్డుయినో మళ్లీ మొదటికొస్తుంది.

కోఠి గుజరాతీ గల్లీలో రెండు 18650 లిథియం సెల్స్, హోల్డర్ తీసుకో. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపితే 7.4 వోల్టులు. మోటార్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డు అందులో సుమారు 2 వోల్టులు తినేసినా, పసుపు గేర్ మోటార్లకు మిగిలింది చాలు. డ్రైవర్, ఆర్డుయినో గ్రౌండ్ వైర్లు కలిపే ఉంచు. మోటారు కాళ్ల మధ్య ‘104’ అని రాసి ఉండే సిరామిక్ కెపాసిటర్ సోల్డర్ చెయ్యి. సెల్స్ షార్ట్ కానివ్వకు, మంటలొస్తాయి. అట్ట బాడీ మాత్రం నాకు భలే నచ్చింది, దాన్ని మార్చకు.