కిల్టుతో క్రిస్మస్ ఆరాధనకా?

ప్రశ్న: గ్లాస్గోలో చదివొచ్చిన మావాడు క్రిస్మస్ ఆరాధనకు కిల్టు కట్టుకొస్తానంటున్నాడు. మా చర్చిలో అందరం చాపల మీదే కూర్చుంటాం. ఒకటే టెన్షన్!
– ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: కిల్టంటే స్కాట్లాండు మగవాళ్లు నడుముకు కట్టుకునే, మోకాళ్ల దాకా వచ్చే కుచ్చిళ్ల బట్ట. అది ఆడవాళ్ల లంగా కాదండీ, మనకు పట్టుపంచె ఎలాగో వాళ్లకది అలాగ. స్కాట్లాండులో పెళ్లికీ చర్చికీ కట్టుకెళ్తారు. 1746 చట్టంతో, సైన్యంలో వాళ్లు తప్ప మగవాళ్లెవరూ కట్టకూడదన్నారు; 1782లో ఎత్తేశారు. పూర్తి కిల్టుకు దాదాపు 8 గజాల ఉన్ని, వెనకంతా కుచ్చిళ్లు. మోకరిస్తే అంచు నేలకు అంగుళం పైన ఉండాలని పాతకాలపు కొలత. కాబట్టి ప్రార్థనకు ఇబ్బంది లేదు, చిక్కల్లా బాసింపట్టుతోనే! వెనక ముసలివాళ్లకు వేసే కుర్చీల్లో ఒకటి అడగండి. లోపల నిక్కరు మాత్రం తప్పదు. పాస్టరు గారికి ముందే ఓ మాట చెప్పండి, వాడి నాయనమ్మకు కూడా.