కాలూ కోసం అప్పు చేయాలా అని అడిగిన తమ్ముడికి

"అక్కా నమస్తే, మా కాలూ సచ్చిపోతుండు, నా దగ్గర పైసల్లేవు, ఏం జేయాల్నో సమజ్ అయితలేదు" అని మొదలుపెట్టి మీరు రాసిందంతా నిన్న రాత్రి రెండుసార్లు చదివాను తమ్ముడూ. పేరు వద్దన్నారు కాబట్టి వేయట్లేదు. చదివేవాళ్ళకి విషయం తెలియాలి కాబట్టి కొంచెం చెప్తాను. ఈయనది మూసాపేట, కిస్తీల మీద కారు తీసుకుని క్యాబ్ నడుపుతారు, ఆవిడ ఇంట్లోనే బ్లౌజులు కుడతారు, పాపకి పదిహేను, బాబుకి ఆరేళ్ళు. కాలూ అంటే పదమూడేళ్ళ నల్ల కుక్క. వానాకాలంలో నాలా పక్కన వణుకుతుంటే వీళ్ళమ్మగారు కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చారంట, ఆ అమ్మగారు 2021లో కరోనా సెకండ్ వేవ్‌లో పోయారు. ఇప్పుడు కాలూకి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. ఒక ప్రైవేట్ క్లినిక్‌లో మూడు రోజులు సెలైన్లు ఎక్కిస్తే 28 వేలు అయింది, ఇంకా డయాలసిస్, పది రోజులు అడ్మిషన్ అంటే 80 వేలు అవుతుందన్నారు. తెలిసినాయన నూటికి ఐదు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు, ఆవిడేమో పుస్తెలతాడు కుదువ పెడదామంటున్నారు. బావగారు "మనుషులకే దిక్కులేదు, కుక్కకి లక్షలా" అన్నారు, చిన్నత్త "ధర్మరాజు స్వర్గం వద్దన్నాడు గాని కుక్కని ఇడిసిపెట్టలే" అన్నది. ఈయన చివర్లో అడిగింది ఒకటే, "ఇంజక్షన్ ఇప్పిస్తే పైసల కోసం సంపినట్టే కద అక్కా?"

కాదు తమ్ముడూ. ముందు ఈ మాట చెప్పేస్తున్నా, మిగతాది నిదానంగా చదవండి. కాలూని చంపుతున్నది జబ్బు. మీ జేబు కాదు.

నేను డాక్టర్ని కాదు గానీ మీరు పంపిన రిపోర్టుల గురించి నాకు తెలిసిన వెటర్నరీ డాక్టరుగారిని అడిగి రాస్తున్నా. క్రియాటినిన్ అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్తపరీక్షలో చెప్పే అంకె, కుక్కల్లో అది 5 దాటితేనే కిడ్నీ జబ్బు చివరి దశ కింద లెక్కేస్తారంట, కాలూకి 9.8 ఉంది, మూడు రోజులు సెలైన్ ఎక్కించాక కూడా 9.1 దగ్గరే ఆగింది. ఒక్కోసారి పిడుదులు కుడితే వచ్చే టిక్ ఫీవర్ వల్లో, ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టో జ్వరం వల్లో ఇలా ఒక్కసారిగా పెరుగుతుంది, అలాంటప్పుడు గట్టిగా ట్రీట్‌మెంట్ చేస్తే దిగే అవకాశం ఉంటుంది, అప్పుడు అప్పు గురించి ఆలోచించినా అర్థం ఉంది. కానీ మీరే రాశారు కదా, ఐదు నెలల నుంచి బకెట్ నీళ్ళు ఖాళీ చేస్తున్నాడు, రాత్రిళ్ళు ఇంట్లోనే మూత్రం పోస్తున్నాడు, వెన్నెముక చేతికి తగులుతోంది అని, పైగా స్కాన్‌లో కిడ్నీలు చిన్నగా ముడుచుకుపోయి ఉన్నాయని రాసి ఉంది. అంటే ఇది నిన్న మొన్న వచ్చింది కాదు. అలా ముడుచుకుపోయిన కిడ్నీలు మళ్ళీ కొత్తవి కావు, డయాలసిస్ చేసినన్ని రోజులు రక్తం శుభ్రం చేస్తుంది, ఆపితే మళ్ళీ మొదటికే.

అయినా నా మాట మీదో, ఒక్క క్లినిక్ మాట మీదో నిర్ణయం తీసుకోకండి. రేపు పొద్దున్నే రిపోర్టులన్నీ పట్టుకుని నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది కదా, అక్కడికి వెళ్ళండి, లేదంటే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ హాస్పిటల్‌కి. ప్రైవేటుతో చూస్తే ఖర్చు చాలా తక్కువ, కాలేజీలో అయితే ప్రొఫెసర్లే చూస్తారు. లైన్ ఉంటుంది, ఓపిక పట్టండి, తడిబట్ట, నీళ్ళు, కింద పరచడానికి ఒక దుప్పటి తీసుకెళ్ళండి. అక్కడ సిగ్గుపడకుండా ఒక్క ముక్క అడగండి, "సార్, నా దగ్గర ఆరు వేలున్నాయి, ఇది బాగవుతుందా, బాగవకపోతే ఈ ఆరు వేలల్లో వీడికి బాధ లేకుండా ఏం చేయొచ్చు?" మనోళ్ళు డాక్టర్ల ముందు డబ్బు మాట ఎత్తడానికి నామోషీ పడతారు, వాళ్ళేమో మనం ఎంతైనా పెడతామనుకుని పెద్ద ట్రీట్‌మెంటే చెప్తారు. మీ దగ్గర ఎంతుందో చెప్పేస్తే ఆయన దాన్నిబట్టి ఆలోచిస్తాడు, ఇందులో తప్పేం లేదు.

ఇక అప్పు. 80 వేలకి ఐదు రూపాయల వడ్డీ అంటే నెలకి నాలుగు వేలు, ఏడాదికి 48 వేలు వడ్డీకే, అసలు అట్లనే కూర్చుంటుంది. కారు కిస్తీ ఉంది, జూన్‌లో పాప ఇంటర్ ఫీజు ఉంది. బాగయ్యే జబ్బయితే నేనే ఏదో ఒకటి చేద్దామనేదాన్ని, కానీ ఈ డబ్బు కాలూకి ఇచ్చేదేంటో ఒకసారి చూడండి. పది రోజులు ఇనుప బోనులో, కాలికి సూది, చుట్టూ తెలియని వాసనలు, సాయంత్రం మీరు అరగంట కనిపించి వెళ్ళిపోవడం. వాడికి 80 వేలంటే ఏం తెలుస్తుంది, మీరు పక్కన ఉన్నారా లేరా అదొక్కటే తెలుస్తుంది. పుస్తెలతాడు మాత్రం తియ్యనివ్వకండి. మీ ఆవిడ అంత మాట అన్నారంటే ఆ ఇంట్లో కాలూ ఎంత ముద్దుగా పెరిగాడో నాకు అర్థమైంది, అది చాలు.

మీ చిన్నత్తగారికి కూడా ఒక మాట. ధర్మరాజు ఆ కుక్కకి వైద్యం చేయించలేదు, దాని ఆయుష్షు పెంచలేదు, ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నా దాన్ని వదిలి రానన్నాడు, అంతే. విడిచిపెట్టకపోవడం అంటే అది. మీరూ విడిచిపెట్టట్లేదు కదా.

బాధ తగ్గించే పనులు చాలావరకు ఇంట్లోనే అవుతాయి. వాంతులు ఆగడానికి మందు, కడుపులో మంటకి మందు డాక్టర్ రాస్తారు, అవి మరీ ఖరీదేం కాదు. ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కించడం నేర్పమని అడగండి, వాడికి పనికొస్తుందంటే నేర్పిస్తారు. రెండు భుజాల మధ్య చర్మం గుడారంలా పైకి లేపి సూది పెడతారు, అక్కడ మూపురంలా ఉబ్బి కొన్ని గంటల్లో దిగిపోతుంది, ఒకటి రెండుసార్లు చూస్తే మీ ఆవిడే చేసేస్తారు, రోజూ సూదితో పనిచేసే చెయ్యే కదా. మెడికల్ షాపులో దొరికే మన నొప్పి మాత్రలు మాత్రం ఒక్కటి కూడా వేయకండి, ఐబుప్రోఫెన్ లాంటివి కుక్కల కిడ్నీలని, కడుపుని ఇంకా పాడు చేస్తాయి, ఎవరు చెప్పినా వద్దు. నున్నటి టైల్స్ మీద కాళ్ళు జారుతున్నాయన్నారు కదా, గోనెసంచులు పరిచి పైన పాత దుప్పటి వేయండి, లేవలేకపోతుంటే రెండు మూడు గంటలకోసారి పక్క మార్చండి, లేకపోతే పుండ్లు పడతాయి. నోరు వాసన వస్తోందంటే అది కిడ్నీల వల్లే, లోపల పుండ్లు ఉండొచ్చు, తడి దూదితో మెల్లగా తుడవండి. తినకపోతే బలవంతంగా నోట్లో కుక్కకండి. మీ అమ్మగారు చాయ్‌లో ముంచి పెట్టే ఉస్మానియా బిస్కెట్ ముక్క వాసన చూసి ఇంకా నాలుక చాపుతున్నాడని రాశారు, ఇంకా ఏ పత్యం కోసం తమ్ముడూ, డాక్టర్‌కి ఒక మాట చెప్పి ఆ ముక్క పెట్టండి.

ఇంజక్షన్ ఎప్పుడు అనే ప్రశ్న ఒకటుంది. గోడ మీద క్యాలెండర్ ఉంటుంది కదా, దాని మీద రోజూ రాత్రి పాపని ఒక గుర్తు పెట్టమనండి. కాలూకి ఇష్టమైనవి మూడే రాయండి, మీ కారు హారన్ వినగానే గేటు దగ్గరికి రావడం, సాయంత్రం గడప మీద తల పెట్టుకుని రోడ్డు చూడటం, ఆ బిస్కెట్ ముక్క. మూడింట్లో రెండు పోయి, మంచిరోజుల కంటే చెడ్డరోజులు ఎక్కువైతే టైం వచ్చినట్టే. పడుకోలేక తిరుగుతూనే ఉన్నా, ఊపిరికి ఎగశ్వాస వస్తున్నా, ఫిట్స్ వచ్చినా ఇక క్యాలెండర్ చూడొద్దు, అదే రోజు తీసుకెళ్ళండి. నేను ఇది ఊరికే చెప్పట్లేదు. మా ఇంట్లో పిల్లి ఉండేది, పదిహేనేళ్ళు, దానికి టైం వచ్చిందని తెలిసి కూడా నా మనసొప్పక మూడు వారాలు లాగాను, ఆ మూడు వారాలు దాని కోసం కాదు నా కోసం, చివరి రాత్రి అది అరిచిన అరుపు ఇప్పటికీ వినిపిస్తుంది. ఒకరోజు ముందు పంపించానే అని బాధపడినవాళ్ళని చూశాను, ఆలస్యం చేశానే అని కుమిలిపోయేవాళ్ళని అంతకంటే ఎక్కువ చూశాను.

ఇంజక్షన్ అంటే మీ మనసులో ఏదో భయంకరమైన బొమ్మ ఉంది, అందుకే ఉన్నదున్నట్టు చెప్తా. ముందు మత్తు ఇవ్వమని అడగండి. అది ఇచ్చాక కాసేపట్లో తల బరువెక్కి మీ ఒళ్ళోనే నిద్రలోకి జారుకుంటాడు, ఆ తర్వాత కాలి నరంలోకి రెండో మందు, అది వెళ్ళాక కొద్ది నిమిషాల్లోనే గుండె ఆగుతుంది, వాడికి నొప్పి తెలియదు. కళ్ళు తెరుచుకునే ఉంటాయి, మూత్రం పోవచ్చు, గుండె ఆగాక కూడా ఒకటి రెండుసార్లు ఊపిరి తీసుకున్నట్టు కదలొచ్చు, అది చూసి బతికే ఉన్నాడనుకుని బెదిరిపోకండి. బాగుకాని జబ్బుతో నరకం పడుతున్న జంతువుకి డాక్టర్ చేతుల మీదుగా ఇలా చేయడం చట్టం ప్రకారం కూడా తప్పు కాదు.

పిల్లలకి అబద్ధం చెప్పొద్దు. పాపకి రిపోర్టే చూపించండి. బాబుకి మాత్రం "నిద్రపుచ్చుతారు" అనొద్దు, ఆరేళ్ళ పిల్లాడు రేపట్నుంచి పడుకోవడానికి భయపడతాడు, "కాలూ చచ్చిపోతాడు, మళ్ళీ రాడు, వాడికి నొప్పి ఉండదు" అని సూటిగా చెప్పి ఏడిస్తే ఏడవనివ్వండి. అద్దె ఇల్లు కాబట్టి పాతిపెట్టడానికి జాగా లేదన్నారు. నాగోల్ దగ్గర ఫతుల్లగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది, ముందే కనుక్కుని పెట్టుకోండి, ఆ రోజు ఫోన్లు చేసే ఓపిక ఉండదు. ఊళ్ళో పొలంలో పాతిపెట్టాలనుకుంటే గొయ్యి లోతుగా తీయండి, ఆ మందు ఒంట్లో ఉంటుంది కాబట్టి వేరే జంతువులు తవ్వి తింటే వాటికి ప్రమాదం.

ఇంకోటి అడుగుతా, ఏమనుకోవద్దు. అమ్మ గురించి మీరు రెండే రెండు లైన్లు రాశారు. ఉన్నదంతా హాస్పిటల్లో కట్టాం, లోపలికి రానియ్యలేదు, ఆఖరికి ముఖం కూడా ప్లాస్టిక్ కవర్లోంచే చూశాం అని. ఆ రెండు లైన్ల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. డబ్బు సరిపోలేదేమో, ఇంకొంచెం పెడితే బతికేదేమో అనే ఆలోచన అప్పట్నుంచి మీలో తిరుగుతూనే ఉంది, ఇప్పుడు కాలూ దగ్గర అదే మళ్ళీ లేచింది, అమ్మ తెచ్చిన ప్రాణం కూడా చేయి జారిపోతోందని. అమ్మ దగ్గర మీకు దక్కనిది డబ్బు కాదు తమ్ముడూ, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవడం. కాలూ దగ్గర మిమ్మల్ని ఎవరూ ఆపరు. సిగ్నల్ దగ్గర కారు ఆపి అద్దాలెక్కించుకుని ఏడుస్తున్నానని రాశారు, ఇంట్లోనే ఏడవండి, బావగారి ముందే ఏడవండి. ఇదంతా అయ్యాక నెల దాటినా నిద్ర పట్టకపోతే, బతుకు మీద విరక్తి లాంటిది అనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా 14416కి చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ళదే, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

చివరగా, ఆ రోజు కారు మీరు నడపొద్దు. మీ బావమరిదికి కూడా డ్రైవింగ్ వచ్చన్నారు కదా, ఆయన్ని నడపమనండి. మీరు వెనక సీట్లో కూర్చుని, అమ్మ పాత చీర ఒకటి పరుచుకుని, కాలూ తల ఒళ్ళో పెట్టుకుని వెళ్ళండి.