పాఠకుల ప్రశ్నలు: గుడ్లు ఫ్రిజ్‌లోనా, బయటా?

ప్రశ్న: మేము నెలకు సరిపడా గుడ్లు 30 ఉండే అట్టలుగా కొంటాము. కిరాణా దుకాణంలో బయటే ఉంచి అమ్ముతున్నారు కదా, ఇంట్లో మాత్రం ఫ్రిజ్ ఎందుకని మా అత్తగారు అంటారు. అమెరికాలో ఉంటున్న మా ఆడపడుచు గుడ్లను ఒక్క పూట కూడా బయట ఉంచకూడదంటున్నారు. ఎవరి మాట సరైనది?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: ఇద్దరి మాటలకూ ఆధారం ఉంది. కోడి పెట్టిన గుడ్డు మీద పలుచని సహజమైన పొర ఒకటి ఉండి, పెంకులోని వేలకొద్దీ సన్నని రంధ్రాలను కప్పి ఉంచుతుంది. అమెరికాలో గుడ్లను కడిగి అమ్ముతారు కనుక ఆ పొర చాలావరకు పోతుంది. అందువల్ల వాటిని సుమారు 7 డిగ్రీల సెల్సియస్‌కు మించని చల్లదనంలో ఉంచాలన్నది అక్కడి నిబంధన. ఐరోపా దేశాలలో సాధారణంగా గుడ్లను కడగరు, దుకాణాలలో చల్లబరచరు. మన ఫారం గుడ్లు కూడా ఎక్కువగా కడగకుండానే వస్తాయి కాబట్టి మీ అత్తగారి పద్ధతి ఐరోపా వారి పద్ధతికి దగ్గరగా ఉన్నది.

అయితే ఐరోపా దుకాణంలో ఉండే చల్లదనం మే నెలలో ఖమ్మం వంటింట్లో ఉండదు. వేడి పెరిగిన కొద్దీ గుడ్డులోని తేమ, బొగ్గుపులుసు వాయువు రంధ్రాల గుండా త్వరగా బయటికి పోయి, తెల్లసొన పలుచబడుతుంది, పచ్చసొన చుట్టూ ఉన్న పొర బలహీనపడుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి పెంకు మీదనే కాక, కోడి అండాశయానికి సోకినప్పుడు గుడ్డు లోపల కూడా ఉండవచ్చు. తెల్లసొనలో దానికి కావలసిన ఇనుము దొరకదు కనుక అది అంతగా పెరగలేదు గాని, పొర సడలి పచ్చసొనలోని పోషకాలు అందాయంటే వేగంగా వృద్ధి చెందుతుంది. ఇటువంటి గుడ్లు అరుదే అయినా, బయటికి చూసి వాటిని గుర్తించలేము. నీటిలో వేసి తేలుతుందో మునుగుతుందో చూసే పరీక్ష గుడ్డు వయసును చెబుతుందే తప్ప ఈ సూక్ష్మజీవి సంగతి చెప్పదు.

కాబట్టి నెల సరుకు ఒకేసారి కొనే మీవంటి వారు ఏ కాలంలోనైనా ఫ్రిజ్‌లోనే ఉంచుకోవడం మంచిది. చలికాలంలో నాలుగైదు రోజులలో అయిపోయే గుడ్లను కడగకుండా నీడపట్టున బయట ఉంచి, బాగా ఉడికించి తింటే ఆక్షేపించనవసరం లేదు. హాఫ్ బాయిల్ ఇష్టపడేవారు, గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట్లో ఆ సడలింపు కూడా వద్దు.

ఫ్రిజ్ తలుపుకే గుడ్ల అర ఎందుకు అమరుస్తారో గాని, తెరిచినప్పుడల్లా వేడిగాలి ముందుగా తగిలేది అక్కడే. అట్టతో సహా లోపలి అరలో, సన్నని కొన కిందికి ఉండేలా పెట్టండి. పెట్టేముందు కడగవద్దు, మురికి ఉంటే పొడిగుడ్డతో తుడవండి. ఒకసారి చల్లబడిన గుడ్లను తీసి మళ్ళీ గంటల తరబడి బయట ఉంచితే పెంకుకు చెమట పట్టి, ఆ తడితో పాటు మీది సూక్ష్మజీవులు లోపలికి పోయే అవకాశం ఉంది. ఉడికించిన గుడ్లను రెండు గంటలలోపే ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపు తినండి.

ప్రశ్న: ఊరి నుండి తెచ్చిన నాటుకోడి గుడ్లను వేసవిలో మూడు రోజులు బయట ఉంచి పగలగొడితే కొన్నింటిలో ఎర్రని నరాలు కనిపించాయి. ఫారం గుడ్లలో ఇలా ఎన్నడూ చూడలేదు. కారణమేమిటి?
– ఒక పాఠకుడు, నిర్మల్

జవాబు: గుడ్ల ఫారాలలో పెట్టల మధ్య పుంజులు ఉండవు కనుక ఆ గుడ్లలో పిండం ఏర్పడదు. పల్లె దొడ్లలో పుంజులు తిరుగుతాయి. పిండం ఉన్న గుడ్డు ఇరవై ఒకటి, రెండు డిగ్రీల వేడి దాటితే మెల్లగా ఎదగడం మొదలుపెడుతుంది; పొదగడానికి కావలసినది సుమారు 37.5 డిగ్రీలు, అంటే మన వేసవి మధ్యాహ్నం ఉండే వేడే. మీరు చూసినవి అలా ఏర్పడిన రక్తనాళాలు. ఒక్క చిన్న నెత్తుటి చుక్క మాత్రమే కనిపిస్తే అది వేరు. పెట్ట కడుపులో సన్నని నాళం చిట్లడం వల్ల ఏర్పడే ఆ చుక్క వల్ల హాని లేదు, తీసివేసి వండుకోవచ్చు. నరాలు అల్లుకున్న గుడ్లను పారవేయండి. ఇకమీదట నాటుగుడ్లను తెచ్చిన రోజే ఫ్రిజ్‌లో పెడితే ఎదుగుదల ఆగిపోతుంది. అదే కారణం చేత, పొదిగించదలచిన గుడ్లను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి.